కెరటాల అవతల కూర్చున్న ఉద్యోగం

కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అత్తగారు "సముద్రంలో కూర్చుంటుంది" అని చెప్పేవారు. దెప్పడానికే అనేవారు లెండి. గుడివాడలో మా వీధి ఆడవాళ్ళంతా నవ్వేవారు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక తీరిగ్గా ఆలోచిస్తే, నా ఉద్యోగాన్ని అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరనిపిస్తోంది. కాగితాల మీద నేను చిన్న పడవల శిక్షకురాలిని. నిజంగా చేసింది మాత్రం కెరటాలు విరిగే చోటు దాటి అవతల కూర్చోవడం, ఇవతల భయపడుతున్నవాళ్ళని రమ్మని పిలవడం.

ఈ మధ్య తీరంలో కయాకులు నేర్పే పనిలో చేరదామనుకుంటున్నామని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఫోను చేశారు. జీతం ఎంత వస్తుంది, సెలవులు ఎన్ని అని అడిగారు. గుర్తులేదన్నాను. అబద్ధం కాదు. గుర్తున్నవి వేరే ఉన్నాయి, అవే రాస్తున్నాను. ఇది మా ఆయన కూడా చదువుతారు కాబట్టి కాస్త చూసుకుని రాయాలి. కానీ ఈ వయసులో ఇంకా చూసుకుని రాయడమేమిటనిపించి ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

కాలవ నీళ్ళు, ఉప్పు నీళ్ళు

నేను బందరు కాలవలో తెడ్డు పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని. కాలేజీ రోజుల్లో పందేలకి వెళ్ళే జట్టులో ఉండేదాన్ని. కయాకు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. సన్నగా, పొడుగ్గా, పైన మూసేసి ఉండే పడవ అది. మధ్యలో నడుము పట్టేంత గుంట ఉంటుంది. అందులో కూర్చుని కాళ్ళు లోపలికి చాపుకోవాలి. రెండు చివరలా రేకు ఉన్న తెడ్డుతో కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి లాగాలి. కాలవలో అది చెప్పినట్టు వింటుంది. గట్టు మీద గేదెలు, పక్కనే రోడ్డు మీద బస్సులు, వాటితో పోటీ పడి లాగేవాళ్ళం. అదే పడవ నడపడం అనుకున్నాను.

తర్వాత గూడూరు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా కొన్నాళ్ళు పిల్లల చేత పరుగులు తీయించాను. తొంభైలలో హంసలదీవి దగ్గర ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. తుఫాను వచ్చినప్పుడు నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని తెచ్చేందుకు తీరంలోని ఊళ్ళ కుర్రాళ్ళకి పడవల పని నేర్పడం దాని ఉద్దేశం. మనిషి ఒక్కడే మోసుకుపోగల పడవ కావాలని కయాకులు తెప్పించారు. అవి నడపడం తెలిసినవాళ్ళెవరని వెతికితే నా పేరు దొరికింది. వారమంతా అవనిగడ్డలో గది తీసుకుని ఉండేదాన్ని, శనివారం సాయంత్రం బస్సెక్కి గుడివాడ వచ్చేదాన్ని.

మొదటి రోజున నన్ను సముద్రం ఇసుకలోకి విసిరేసింది. అక్కడ కెరటాలు రెండు చోట్ల విరుగుతాయి. కృష్ణ తెచ్చిపోసిన ఇసుక నీళ్ళ కింద మేట వేసి ఉంటుంది, దాని మీద ఒక వరస. ఒడ్డుకి దగ్గరగా ఇంకో వరస. మధ్యలో కాస్త నెమ్మదిగా ఉండే నీళ్ళు. నేను ఒడ్డు దగ్గరున్న మొదటి వరస కూడా దాటలేదు. చీర మాని ట్రాక్ సూటు వేసుకున్నందుకే నోరెళ్ళబెట్టి చూస్తున్న ఊరు, నేను నెత్తి నిండా ఇసుకతో లేచేసరికి తృప్తిగా ఇళ్ళకి వెళ్ళిపోయింది.

ఒక్కడు మాత్రం వెళ్ళలేదు. అతను ఏడుకొండలు. ఆ పక్క పల్లెవాడే, చేపల వేటలో పుట్టి పెరిగినవాడు. నాకు సహాయకుడిగా కేంద్రంవాళ్ళు తీసుకున్నారు. "మీరు తొందరపడ్డారండి" అన్నాడు. ఒళ్ళు మండి, అయితే నువ్వు వెళ్ళు చూస్తానన్నాను. వాళ్ళ తెప్ప మీద నిలబడి తెడ్డు వేసే అలవాటున్నవాడు కదా, కయాకులోనూ లేచి నిలబడబోయాడు. లేవడమూ, మునగడమూ ఒక్కసారే అయ్యాయి. ఈసారి నేను నవ్వాను. అతను నీళ్ళలోంచే నవ్వాడు. మా స్నేహం అలా మొదలైంది.

చెప్పు మీద ఆడమనిషి

పల్లెలో పెద్దలకి నాతో ఒక చిక్కు వచ్చింది. అక్కడ ఆడవాళ్ళు పడవ ఎక్కరు. ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుందని నమ్మకం. ప్రభుత్వం పంపిన మనిషిని వద్దనలేరు, ఊరుకోనూ లేరు. కక్కలేక మింగలేక కొన్ని రోజులు గింజుకున్నారు. చివరికి ఒక ముసలాయన కయాకు చుట్టూ తిరిగి, చేత్తో తట్టి చూసి, ఇది పడవ కాదు, పెద్ద చెప్పులా ఉంది, దీని మీద ఎవరెక్కితే ఏమిటి అని తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచి నా కయాకు పేరు చెప్పు. నేను చెప్పు టీచర్ని. ఇంత హాయిగా ఒక గొడవ తీరడం నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఏడుకొండలూ నేనూ ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం. ఓపిక పట్టడం అతని దగ్గర నేర్చుకున్నాను. కెరటాలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. ఆ సందు దొరికేదాకా పడవ పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. కాలవ పిల్లకి అదే చేతకాదు. కూర్చోగానే లాగాలనిపిస్తుంది. అతను నా దగ్గర ఒరగడం నేర్చుకున్నాడు. పక్క నుంచి కెరటం వచ్చి కొడితే దానికి దూరంగా వంగాలనిపిస్తుంది ఎవరికైనా. వంగితే బోల్తా. కెరటం మీదికే ఒరిగి, తెడ్డు రేకు దాని నెత్తిన ఆనించాలి. అప్పుడు ఏది ముంచుతుందనుకున్నామో అదే మోస్తుంది. ఈ మాట నమ్మడానికి అతనికి చాలా రోజులు పట్టింది. నమ్మాక నాకంటే బాగా చేశాడు.

ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటం మీద ఎక్కి రావడం గురించి మీరు ఎక్కడెక్కడో చూసి ఉంటారు. నేర్పేటప్పుడు నేను వద్దనే చెప్పేదాన్ని. కెరటం విరిగాక దాని వీపు వెనకాలే రండి, బోల్తా పడితే పడవకి సముద్రం వైపు ఉండండి, ఒడ్డు వైపు మాత్రం ఉండకండి అనేదాన్ని. నీళ్ళు నిండిన కయాకుని కెరటం ఎత్తి విసిరితే అడ్డం వచ్చిన మనిషి ఎముకలు మిగలవు. కానీ తరగతులు మొదలవకముందు, ఇంకా ఎవరూ రాని పొద్దున పూట, మేమిద్దరం మాత్రం ఎక్కేవాళ్ళం. అవతల పక్కపక్కన, అతను నా కుడి వైపున కూర్చుని, ఒకటి నచ్చితే ఒక్కసారే లాగి, దాని ముఖాన జారుతూ ఒడ్డుదాకా వచ్చేవాళ్ళం. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు ఊరికే ఉండవు. ప్రేమ అని రాస్తే మావాళ్ళు నవ్వుతారు. స్నేహం అని రాస్తే నాకు చాలదు. ఏ పేరూ పెట్టకుండా వదిలేస్తున్నాను.

ఈల

మా డైరెక్టరు రంగారావుగారు మంచి మనిషి. పిల్లలకి భోజనం సరిగ్గా లేదంటే వంటవాడి దగ్గర తానే వెళ్ళి నిలబడేవారు. కానీ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. కయాకులో కూర్చున్న మనిషి నీళ్ళకి బాగా దగ్గరగా ఉంటాడు, ఎదురుగా ఉన్న కెరటం తప్ప దాని వెనక ఏముందో కనపడదు. అందుకని ఆయన ఇసుక దిబ్బ మీద సరుగుడు కర్రలతో మంచె వేయించారు. మంచె మీద నుంచి చూస్తూ, బయట మేట మీద పెద్దవి లేస్తే ఈల ఊదుతారు. ఈల వినపడగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, పడవ ముక్కు సముద్రం వైపే ఉంచి, నెమ్మదిగా వెనక్కి తెడ్డు వేస్తూ నిలదొక్కుకోవాలి. ఆలోచన తప్పు కాదు. ఆయన చదివిన పుస్తకాల్లో అలాగే ఉంది. వేరే తీరాల్లో అలాగే చేస్తారు కూడా.

ఆ రోజు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ఏడుకొండలు దాటి చూపిస్తున్నాడు. నేను కుర్రాళ్ళ పక్కన ఒడ్డున ఉన్నాను. అతను మొదటి వరస అవలీలగా దాటి, మధ్య నీళ్ళలోకి వెళ్ళాడు. మంచె మీద నుంచి రంగారావుగారు ఈల ఊదారు. ఏడుకొండలు ఆగలేదు. పడవ తిప్పేశాడు. ఇంటికి వచ్చేవాడిలా తిన్నగా మా వైపు తిప్పేశాడు.

కయాకు తిరగాలంటే కాసేపు కెరటానికి అడ్డంగా ఉండక తప్పదు. అప్పుడే బయట విరిగిన కెరటం నురగంతా వచ్చి అతన్ని పక్క నుంచి కొట్టింది. పడవ బోర్లపడి, నీళ్ళు నిండి, అతన్ని ముందుకి తోసుకుంటూ వచ్చింది. అతను ఒడ్డు వైపు తేలాడు. నేను పరిగెత్తి నడుములోతులో అందుకునేసరికి పడవ అంచు అతని భుజానికి తగిలి, మెడ కింద ఎముక విరిగి ఉంది. జీపులో అవనిగడ్డ తీసుకెళ్ళాం. దారి పొడవునా అతను మూలగలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు రంగారావుగారు ఆసుపత్రికి వచ్చి, ఈల అర్థం నీకు తెలీదా, కుర్రాళ్ళకి నువ్వే చెబుతావు కదా అని అడిగారు. ఏడుకొండలు మంచం మీద నుంచి లేవబోతూ చెప్పాడు.

"తెలుసండి. వెనకమాల నుంచి పిలిచినట్టయ్యింది గదండీ. చేతులు ఇనలేదండి."

రంగారావుగారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా వైపు బయల్దేరినవాళ్ళని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే వెళ్ళేవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. నాకు మాత్రం ఆ పట్టింపు లేదా? బస్సుకి బయల్దేరేటప్పుడు మా అత్తగారు వెనక నుంచి ఏదో ఒకటి అడిగేవారు, నేను గొణుక్కుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేదాన్ని. ఊరెళ్ళే బస్సుకే అంత పట్టింపు ఉన్నప్పుడు, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి ఎంత ఉంటుంది? వాళ్ళ పల్లెలో తెప్ప నీళ్ళలోకి దిగాక ఒడ్డున పిల్లలు కూడా నోరెత్తరు. పుట్టినప్పటి నుంచి అలా పెరిగిన ఒంటికి, కెరటాల మధ్య, వెనక నుంచి ఈల వినపడింది. పుస్తకం రాసినవాళ్ళకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? అసలు మాలో ఎవరికీ ముందుగా తట్టలేదు.

ముందు నుంచి పిలవడం

రంగారావుగారు ఈల గట్టిగా, రెండుసార్లు ఊదితే సరిపోతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. మాది రైతుల ఇల్లు. దూడని వెనక నుంచి అదిలిస్తే బెదిరి పక్కకి పోతుంది. ముందు నిలబడి గడ్డి చూపిస్తే దానంతటదే వస్తుంది. మనం నిలబడే చోటు మార్చాలి సార్ అన్నాను. నేను ముందు వెళ్ళి, బయట మేట కూడా దాటి, అక్కడ ఒడ్డు వైపు తిరిగి కూర్చుంటాను. నా వెనకాల వచ్చే పెద్ద కెరటాలు నాకు తల తిప్పితే కనపడతాయి. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. వెళ్ళేవాళ్ళు చూసేది ఎలాగూ ముందుకే. వారం రోజులు వాదించాక, ఆడమనిషి రోజంతా సముద్రంలో కూర్చుంటుందా అన్నారు. ఇప్పటికే మా ఇంట్లో అదే పేరు ఉందండి అన్నాను. నవ్వేసి ఒప్పుకున్నారు. ఈలని మాత్రం పాపం చాలాకాలం మెడలో వేసుకునే తిరిగారు.

అప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా నా చోటు అదే. ఈ పనిలో చేరేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ చోటు ఎలా ఉంటుందనేది. కెరటాలు దాటేదాకా చెవులు పగిలే హోరు. దాటిన మరుక్షణం ఆ హోరు వెనకబడిపోతుంది. అక్కడ నీళ్ళు విరగవు, మెల్లగా లేచి దిగుతాయి, మనల్నీ ఎత్తి దించుతాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు చూసే కెరటం ముఖం మనకి కనపడదు, నున్నటి వీపు కనపడుతుంది. నది నీళ్ళ ఎరుపు, సముద్రపు నీలం కలిసే గీత పక్కనే ఉంటుంది. ఒక్కోసారి తాబేలు తల పైకెత్తి చూసి, మనతో పనిలేదని మునిగిపోతుంది. ఒడ్డు మీద సరుగుడు తోట ఒక నల్లటి చార, మనుషులు నువ్వు గింజలంత. అక్కడ కూర్చున్నప్పుడు నాకు గుడివాడ, అత్తగారు, బస్సులు, జీతం ఏవీ గుర్తుండేవి కావు. పెళ్ళయిన ఆడదానికి అలాంటి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే ఇప్పుడు అది లేక ఇంత వెలితిగా ఉంది.

పద్ధతి పనిచేసింది. తెడ్డు ఎత్తి పట్టుకుంటే ఒక్కొక్క కుర్రాడే కెరటాలు చీల్చుకుంటూ వచ్చి నా పక్కన చేరి, రొప్పుతూ నవ్వేవాడు. నా కుడి పక్కన మాత్రం ఎవరు వచ్చి కూర్చున్నా ఆ చోటు వాళ్ళది కాదనిపించేది.

ధనలక్ష్మి

ఎముక అతుక్కుంది. ఏడుకొండలు పనిలోకి వచ్చాడు. పడవలు కడిగేవాడు, తాళ్ళు చూసేవాడు, కుర్రాళ్ళకి ఇసుకలో కూర్చోబెట్టి తెడ్డు పట్టడం నేర్పేవాడు. నీళ్ళలోకి మాత్రం మోకాలి లోతు దాటి దిగేవాడు కాదు. నేను అడగలేదు. అతనే వస్తాడనుకున్నాను. ఒక ఏడు గడిచింది, రాలేదు.

ఒకరోజు అతని భార్య ధనలక్ష్మి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. వేటకి పోని మొగుణ్ణి కేంద్రంలో పని లేని వేళంతా ఇంట్లో భరించడం తన వల్ల కాదంది. అన్నదమ్ములు తెప్ప దింపుతుంటే ఇతను ఇంటి వెనకాల వల బాగు చేస్తున్నట్టు కూర్చుంటాడట. అందులో చిరుగే ఉండదట. తర్వాత తట్ట కిందకి దించింది.

"టీచరమ్మా, ఆయన సముద్రం వైపు తిరిగి అన్నం కూడా తినట్లేదండి. మా మావగారు పోయినప్పుడు కూడా ఇట్టా లేడు. మీరు పిలిత్తే వత్తాడండి. నేను పిలవలేను."

తనెందుకు పిలవలేదో నేను అడగలేదు. ఒడ్డున ఉన్న భార్య పిలుపు వెనక నుంచి పిలిచినట్టే అవుతుందని తెలిసేంతగా అప్పటికి నాకు ఆ తీరం తెలిసింది.

అతని ముందు ఆ మాట ఎత్తితే కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. తల దించుకుని, "నాకూ రావాలనే ఉందండి, కల్లోకి కూడా అదే వత్తంది" అన్నాడు. ఇద్దరికీ కళ్ళు తడిశాయి. మగవాడు ఏడిస్తే చూడకూడదంటారు కాబట్టి నేను కాసేపు పడవల వైపు చూశాను.

గాలులు లేని నెలల్లో మొదలుపెట్టాం. నేను ముందు వెళ్ళి అవతల కూర్చునేదాన్ని. సందు చూసి తెడ్డు ఎత్తేదాన్ని. అతను బయల్దేరేవాడు. మొదటి వరస బాగానే దాటేవాడు, ఆ ఒడుపు ఎక్కడికీ పోలేదు. మధ్య నీళ్ళలోకి రాగానే వెనక్కి తిరిగి చూసేవాడు. నీళ్ళలో ఒక సంగతి ఉంది. తల ఎటు తిరిగితే భుజం అటు తిరుగుతుంది, భుజం ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతుంది. పడవ కాస్త అడ్డం పడేది, అతనికి ఆ రోజు గుర్తొచ్చేది, అంతే, ఒడ్డుకి కొట్టుకుపోయేవాడు. ఎన్నిసార్లు అలా అయిందో చెప్పలేను. అవతల నేను తెడ్డు నిలువుగా పట్టుకుని అలాగే ఉండేదాన్ని, చెయ్యి పీకేసేది.

రేవులో కూర్చోబెట్టి అడిగాను, ఏం చూస్తున్నావు వెనక్కి, ఈల ఎప్పుడో తీసేశాం కదా అని.

"ఈల కాదండి. ఒడ్డు మీద మనుషులుంటే ఎవరో ఒకరు పిలుత్తారేమో అనిపిత్తదండి. పిలవరని తెలుసు. అయినా అనిపిత్తది."

ఖాళీ ఒడ్డు

మనుషులుంటేనే కదా పిలిచేది అని నాకు ఆ రాత్రి గదిలో అన్నం వండుకుంటుంటే తట్టింది. ఎవరూ లేకుండా చేస్తే?

ఇది రాస్తున్నప్పుడు కూడా చెబుతున్నాను, మీరెవరూ ఇలా చేయకండి. పడవ నీళ్ళలో ఉన్నప్పుడు ఒడ్డున మనిషి ఉండాలనేది ఈ పనిలో మొదటి పాఠం. ఆ పాఠం నేనే చెప్పేదాన్ని. కానీ అతనికి ఆ మనిషే అడ్డం. రంగారావుగారితో చెబితే, ఏదన్నా అయితే ఎవరు జవాబు చెబుతారన్నారు. నేనే అన్నాను. ఆయన మెడలో ఈల తీసి బల్ల సొరుగులో పెట్టి, నాకు బందరులో పని ఉంది, పొద్దున్నే వెళ్ళిపోతున్నాను అన్నారు. ఇన్నేళ్ళలో నేను చూసిన అధికారుల్లో ఆయనకి ఎందుకు దణ్ణం పెడతానంటే అందుకు.

మర్నాడు తెల్లవారాక ధనలక్ష్మి ఒడ్డంతా ఖాళీ చేయించింది. కుర్రాళ్ళని, పీతలు ఏరుకునేవాళ్ళని, ఊరకనే నిలబడేవాళ్ళని అందరినీ సరుగుడు తోట వెనక్కి తోలి, వాళ్ళకి కాపలాగా తానూ అక్కడే, తీరానికి వీపు పెట్టి కూర్చుంది. ఒడ్డు మీద అతనొక్కడే, అతని కయాకు. అవతల నేనొక్కదాన్నే. తిరిగి చూడడానికి ఏమీ లేదు అని ముందే చెప్పాను. వెనక అనేదే లేదనుకో, ఇసుక కూడా లేదనుకో అన్నాను.

పెద్ద కెరటాలు నా కింద నుంచి వెళ్ళాయి. తర్వాత చిన్నవి మొదలయ్యాయి. తెడ్డు ఎత్తాను. అతను బయల్దేరాడు. మొదటి వరసలో పడవ ముక్కు లేచి దభీమని పడింది, నురగలోంచి తల బయటికొచ్చింది. మధ్య నీళ్ళలోకి వచ్చాడు. అక్కడ తెడ్డు ఒక్క క్షణం తడబడింది. మెడ కాస్త పక్కకి కదిలింది. అప్పుడు నేను తెడ్డు ఎత్తి పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేను. పిలవడానికి లేదు, వెళ్ళడానికి లేదు. అంత నిస్సహాయంగా నా పిల్లలకి జ్వరం వచ్చినప్పుడు కూడా లేను.

మెడ మళ్ళీ ముందుకి వచ్చింది. లాగడం మొదలుపెట్టాడు. బయట మేట మీద ఒకటి లేచింది, అనుకున్నదానికంటే పెద్దదే. నిలువునా ఎక్కాడు. పడవ సగం గాల్లోకి లేచి అవతలికి పడింది. ఇక హోరు లేదు. అతను నా కుడి పక్కకి వచ్చి ఆగాడు.

నేను ఏడుస్తున్నానని అతనికి తెలుసు. అతను నా వైపు చూడకుండా దూరంగా సముద్రంలోకి చూస్తూ ఉన్నాడు. ముఖం కడిగినట్టు తేటగా ఉంది. రేపటి నుంచి పొద్దున పూట మళ్ళీ కెరటాలు ఎక్కుదామని నేను లోపల అన్నీ అనేసుకుంటున్నాను. ఏ వేళకి రావాలో, ఎక్కడ దింపాలో కూడా.

"టీచరుగారూ, మా అన్న తెప్ప ఇయ్యాళ మొగ దగ్గర ఉంటది. నేను ఇట్టనే అటు పోతానండి" అన్నాడు.

మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. అక్కడికి కెరటాల అవతలి నుంచే వెళ్ళచ్చు. ముందు ఒడ్డుకి రా, ధనలక్ష్మికి చెప్పి వెళ్ళు అన్నాను.

"ఒడ్డుకొత్తే మళ్ళీ అక్కడే ఉండిపోతానండి."

కేంద్రంలో పని సంగతి అడిగాను. ఇంకొకళ్ళని చూసుకోమన్నాడు. తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, సంతోషంగా చెప్పాడు.

"ఇందాక మీరున్నారనే వచ్చానండి. ఇప్పుడు మీరు లేకపోయినా రాగలనండి."

టీచరుకి ఇంతకంటే గొప్ప మాట ఎవరూ చెప్పరు. నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. ఇప్పటికీ తీయలేదు.

తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను. కయాకు వరిగడ్డి మోసే ట్రాక్టరు మీద మర్నాడు కేంద్రానికి వచ్చింది, అతను రాలేదు. ధనలక్ష్మి ఒక తట్టెడు రొయ్యలు తెచ్చిచ్చి, మొగుడు ఇంట్లో కనపడటమే లేదని మురిసిపోతూ తిట్టింది. నేను ఇంకా చాలామందిని కెరటాలు దాటించాను, అందరూ బాగానే దాటారు. తెడ్డు ఎత్తీ ఎత్తీ నా కుడి భుజం పాడైంది. ఇప్పుడు అన్నం గిన్నె కూడా ఎడమ చేత్తో దించుకుంటాను. ఏడుకొండలు అప్పుడప్పుడు అవనిగడ్డ సంతలో ఎదురుపడితే నమస్కారం పెట్టి, ఆరోగ్యం బాగుందా అని అడుగుతాడు. అతనికి అంతే. అలాగే ఉండాలి కూడా. మీకు ఈ ఉద్యోగంలో బాగా నేర్పడం వచ్చిందంటే, మీ దగ్గరికి వచ్చినవాళ్ళు మిమ్మల్ని దాటి వెళ్ళిపోతారు. జీతం గురించి అడిగారు కదా, దీని గురించి కూడా అడిగి చేరండి.

ఆ పొద్దున నేను పొమ్మనకూడదు కాబట్టి వెళ్ళిరా అన్నాను. అట్టాగేనండి అని తెడ్డు వేశాడు. కయాకు నీళ్ళ మీద సన్నటి గీత గీసుకుంటూ మొగ వైపు సాగింది. ఒడ్డు ఖాళీగా ఉంది, సముద్రం ఖాళీగా ఉంది. అతను ఒక్కసారి తిరిగి చూస్తాడేమోనని చూస్తూ ఉన్నాను. తిరిగి చూడొద్దని ఇన్నాళ్ళూ చెప్పిందాన్ని నేనే. చిన్నవాడయ్యాడు, ఇంకా చిన్నవాడయ్యాడు, నువ్వు గింజంతయ్యాడు. చూడలేదు.